గేరుతో ఒరిగే సార్టింగ్ ట్రేకి పేటెంటు దొరుకుతుందా?

#1 బరంపురం_బెవెల్
పార్శిళ్లను పిన్‌కోడు వారీగా విడగొట్టే చిన్న లూప్ మెషిను కట్టాం. చైన్ మీద 24 ట్రేలు, ఒక్కోటి 600 × 450 మి.మీ., చైన్ వేగం సెకనుకు 0.8 మీటరు. మామూలుగా ట్రే కింద ఒక లివరు, దాన్ని లేపడానికి లైను పక్కన ర్యాంపు ఉంటాయి. మాది అలా కాదు. లైను పక్కన ర్యాక్ (తిన్నటి పళ్ల పట్టీ) ముక్క, ట్రే కింద నిలువు షాఫ్టుకి మాడ్యూల్ (పళ్ల సైజు) 2, 20 పళ్ల పినియను (చిన్న గేరు). అదే షాఫ్టుకి సింగిల్ స్టార్టు వర్ము (ఒకే మర చుట్టు ఉన్న గేరు), ట్రే ఒరిగే షాఫ్టుకి 20 పళ్ల వర్ము చక్రం. న్యూమాటిక్ సిలిండరు ర్యాక్‌ని ముందుకు తోస్తే పినియను తగిలి తిరుగుతుంది. 39 పళ్లు దాటేసరికి ట్రే 35 డిగ్రీలు ఒరుగుతుంది. ఎడమ ర్యాక్ తగిలితే ఒక వైపు, కుడిది తగిలితే రెండో వైపు. సరుకు దిగాక ఎదుటి వైపు అన్నే పళ్ల ర్యాక్ తగిలి ట్రే మళ్లీ సమం అవుతుంది.

ఒక ఏజెంటు "గ్రాంటు గ్యారంటీ, 45 వేలు కట్టండి" అంటున్నాడు. ఇంకొకాయన "గేరు కనిపెట్టింది నువ్వా?" అని నవ్వేశాడు. ఎవరి మాట నమ్మాలి? వచ్చే నెల ఒక కొరియర్ వాళ్లకి మెషిను చూపించాలి, వీడియో కూడా నెట్‌లో పెట్టాలని ఉంది.

#2 రాయగడ_ఫిట్టర్
ఇద్దరి మాటా నమ్మకు. గ్యారంటీ అన్నోడిని అసలు నమ్మకు, గ్రాంటు ఇచ్చేది పేటెంట్ల కంట్రోలరు గానీ ఏజెంటు కాదు. వీడియో మాత్రం ఇప్పుడే ఎక్కించీకు బాబూ, దణ్ణం పెడతాను.

#3 క్లెయిమ్‌ల_కామయ్య
నవ్వినాయన సగం కరెక్టు. గేరు పాతదే, ట్రే ఒరగబెట్టి పార్శిల్ పడేయడం దశాబ్దాల పాతది, వర్ము ఇంకా పాతది. కానీ భాగాలు పాతవైనంత మాత్రాన పేటెంటు పోదు. పాత భాగాలు లేని మెషిను లోకంలో లేదు.

1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 2(1)(జె) ప్రకారం మూడు కావాలి: కొత్తదనం, ఇన్వెంటివ్ స్టెప్, పరిశ్రమలో పనికిరావడం. మూడోదానికి నీకు ఇబ్బంది లేదు. కొత్తదనం అంటే నీ క్లెయిములో (ఏది నీదని కోరుతున్నావో చెప్పే వాక్యంలో) ఉన్న అంశాలన్నీ కలిపి ఒకే పాత పత్రంలోనో ఒకే పాత మెషినులోనో ఉండకూడదు. అదీ దాటొచ్చు. చిక్కంతా రెండోదానితోనే. 2(1)(జెఎ) చదువు: ఉన్న జ్ఞానం కన్నా సాంకేతికంగా ముందుకు పోయి ఉండాలి, లేదా ఆర్థికంగా ప్రాముఖ్యం ఉండాలి, లేదా రెండూ. దానికి తోడు ఆ రంగం తెలిసినవాడికి "ఇదెవరైనా చేస్తారు" అనిపించకూడదు. ఈ ఆఖరి షరతు దగ్గరే ఎక్కువ మంది పడిపోతారు.

ఆ పైన సెక్షన్ 3(ఎఫ్). తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చి, ఏది చేసే పని అది విడిగా, పాత పద్ధతిలోనే చేసుకుంటూ పోతే అది ఆవిష్కరణే కాదు పొమ్మంటుంది. నువ్వు #1లో చెప్పింది చెప్పినట్టు క్లెయిము రాస్తే మొదటి పరీక్షా నివేదికలో 3(ఎఫ్) అభ్యంతరం పడడం ఖాయం. ర్యాక్ ర్యాక్ పని చేస్తోంది, వర్ము వర్ము పని చేస్తోంది.

#4 జయపురం_జుగాడ్
3(డి) కూడా పడుద్ది కదా? అందరూ దాని గురించే మాట్లాడతారు.

#5 క్లెయిమ్‌ల_కామయ్య
అందరూ మాట్లాడేది మందుల విషయంలో. 3(డి)లో తెలిసిన యంత్రాన్ని ఊరికే వాడడం గురించి ఒక ముక్క ఉంది గానీ, ఇక్కడ అది పక్క గుమ్మం. 3(ఎఫ్), 2(1)(జెఎ) ఈ రెండే గట్టిగా చూసుకోవాలి. సార్టింగ్ సాఫ్ట్‌వేరుని కూడా క్లెయిములో కలిపితే కంప్యూటర్ ప్రోగ్రాముల గురించిన 3(కె) వస్తుంది. అది కలపకు.

#6 సునాబెడ_మాడ్యూల్2
చట్టం సరే, మెషిను సంగతి చూద్దాం. 20 పళ్లు, మాడ్యూల్ 2 అంటే పిచ్ వ్యాసం 40 మి.మీ. సెకనుకు 0.8 మీటరుతో వచ్చే పినియను తన చుట్టూ తాను తిరగడం లేదు. ర్యాక్ తగిలాక అది 382 ఆర్‌పీఎమ్‌లో తిరగాలి. ఒక పన్ను దూరం 6.28 మి.మీ., అంటే 8 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో సున్నా నుంచి 382కి ఎక్కాలి. పైగా పినియను పన్ను ఏ స్థితిలో ఆగి ఉందో తెలీదు. కొన నేరుగా కొనకి తగిలితే పన్ను ఎక్కదు, కొట్టుకుంటుంది. ర్యాక్ మొదటి పన్ను మూల దగ్గర పగులు రావడం, లేదా సిలిండరు రాడ్ వంగడం, రెంట్లో ఒకటి జరిగి తీరుతుంది.

నీ అదృష్టం ఏమిటంటే మధ్యలో 20:1 వర్ము ఉంది. ట్రే, పార్శిల్ జడత్వం పినియను దగ్గరికి వచ్చేసరికి 400తో భాగించబడుతుంది. వర్ము బదులు 1:1 బెవెల్ జత పెట్టి ఉంటే (నీ పేరు చూసి అనుమానం వచ్చింది) ఆ దెబ్బ మొత్తం పళ్ల మీదే పడేది. పైగా 35 డిగ్రీలు 12 మి.మీ. ప్రయాణంలో, అంటే 15 మిల్లీసెకన్లలో అయిపోవాలి. పార్శిల్ ఒరగదు, ఎగురుతుంది. వర్ముతో 245 మి.మీ. ర్యాక్, 0.3 సెకను. లెక్క బాగుంది.

మరి ఎంట్రీ దగ్గర, అంటే పినియను ర్యాక్‌లోకి ఎక్కే చోట, ఏం చేశావు?

#7 బల్లార్షా_బేరింగ్
గిది ఇంకో రకంగ చూడుండ్రి. పళ్ల చక్రంతోని లోడును తిప్పి కుమ్మరించుడు ఇయ్యాల్టి ముచ్చట కాదు. వ్యాగన్ టిప్లర్ చూడలేదా? వ్యాగన్‌ను పట్టి, రింగు గేరును పినియన్‌తో తిప్పి బొగ్గు, ఖనిజం కింద పోస్తరు. కిరండూల్ లైన్ మీద మీ కోరాపుట్ మీదికెల్లి ఖనిజం పోయేది విశాఖ ఓడరేవులో ఇట్ల దిగేదే. పేటెంట్ ఆఫీసు ఎగ్జామినరు పార్శిల్ మెషిన్ల వరకే చూస్తడని ఎవడు చెప్పిండు? దగ్గరి సమస్యను తీర్చిన పక్క రంగం కాగితం గూడ తీసి ముందట పెడతడు.

#8 జయపురం_జుగాడ్
60 టన్నుల వ్యాగనూ, 5 కిలోల చీరల పార్శిలూ ఒకటేనా బావా!

#9 బల్లార్షా_బేరింగ్
ఒకటి కాదు. అదే నువ్వు జవాబుల రాయాలె. "టిప్లర్‌ల వ్యాగన్ ఆగి ఉంటది, మా ట్రే పోతాంటే ఒరుగుతది, గందుకే పన్ను ఎక్కే సమస్య మాకే ఉంది, టిప్లర్‌కు లేదు" అని. జవాబు అక్కడ్నే ఉంది సూడు.

#10 బరంపురం_బెవెల్
#6కి: పన్ను ఎక్కే చోట మా లేత్ కుర్రాడు ఒక ఉపాయం చేశాడు. అదే అసలు కథ. పినియను మీద

#11 రాయగడ_ఫిట్టర్
ఆగాగు, రాయకు!!

#12 క్లెయిమ్‌ల_కామయ్య
ఒక్క ముక్క కూడా రాయొద్దు. ఈ వేదిక లాగిన్ లేకుండా అందరికీ కనిపిస్తుంది, గూగుల్‌లోనూ వస్తుంది. ఇక్కడ రాసిన రోజే అది ప్రచురణ అయిపోయినట్టు. రేపు నీ దరఖాస్తు మీద నీ పోస్టునే తెచ్చి పెడతారు. #1లో రాసిన ర్యాక్-పినియను-వర్ము అమరిక ఇప్పటికే బయట పడింది. అది పోతే పోయింది, దాని మీద ఎలాగూ గట్టి క్లెయిము రాదు. ఎంట్రీ ఉపాయాన్ని కాపాడుకో.

#13 బరంపురం_బెవెల్
సరే, ఆపేశాను. మోడరేటరు గారూ, #10లో ఆఖరి వాక్యం తీసేయగలరా?

#14 మోడరేటర్
"పినియను మీద" అన్నంత వరకే ఉంది. దాంతో ఎవరూ ఏమీ చేయలేరు, ఉండనివ్వండి.

#15 గుణుపురం_లెక్చరర్
ఇంత భయం అక్కర్లేదు. మన దేశంలో 12 నెలల గ్రేస్ పీరియడ్ ఉంది. బయట పెట్టిన ఏడాది లోపు దరఖాస్తు వేస్తే చాలు. మా విద్యార్థులకి కూడా అదే చెబుతుంటాం.

#16 క్లెయిమ్‌ల_కామయ్య
మాస్టారూ, దయచేసి అలా చెప్పకండి. అందరికీ వర్తించే గ్రేస్ పీరియడ్ అమెరికాలో ఉంది, ఇక్కడ లేదు. సెక్షన్ 31లో ఉన్న 12 నెలలు కొన్నింటికే: కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలో చూపడం, లేదా ఒక విద్వత్సభ ముందు చదివిన పేపరు, ఆ సభ ప్రచురించిన పేపరు. దానికి ఇప్పుడు ఫారం 31 కూడా పెట్టారు, 2024 సవరణ నుంచి. కాలేజీ టెక్ ఫెస్టు నోటిఫై అయిన ప్రదర్శన కాదు. యూట్యూబు విద్వత్సభ కాదు.

సెక్షన్ 32 అని ఇంకోటి ఉంది. ఆవిష్కరణ స్వభావాన్ని బట్టి బహిరంగంగా పరీక్షించక తప్పదు అనుకుంటే, ఏడాది లోపు చేసిన న్యాయమైన ట్రయల్‌కి మినహాయింపు. పార్శిల్ మెషినుని షెడ్డు తలుపులు వేసుకుని కూడా పరీక్షించొచ్చు కాబట్టి దాని మీద ఆధారపడలేం. కొరియర్ వాళ్లకి చూపించేది ఉంటే గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, ట్రే కింద భాగం కవరు బిగించి చూపించాలి. దరఖాస్తు వేశాక చూపిస్తే ఇంకా మేలు.

#17 గుణుపురం_లెక్చరర్
సెక్షన్ 31 ఇప్పుడే చదివాను. మీరన్నది నిజమే. నోటీసు బోర్డు మీద మార్పించాలి.

#18 రాయగడ_ఫిట్టర్
అతని ఉపాయం ఒగ్గీండి. పన్ను ఎక్కించడానికి లోకానికి తెలిసినవి ఏటేటి ఉన్నాయో చెప్తాను, అవి ఎలాగూ పాతవే. అతనిది వీటిలో ఒకటైతే అతనికే తెలుస్తాది.

ఒకటి, ర్యాక్ మొదటి రెండు మూడు పళ్లు విడి ముక్కగా చేసి, కింద స్ప్రింగు పెట్టడం. కొనకి కొన తగిలితే ముక్క వెనక్కి తగ్గుద్ది, తర్వాతి పన్నుకి ఎక్కీసుద్ది. ఇబ్బంది ఏటంటే స్ప్రింగు మెత్తగా ఉంటే లోడు మీద పళ్లు జారిపోతాయి, గట్టిగా ఉంటే దెబ్బ తగ్గదు. పైగా ఒక పన్ను తప్పితే ట్రే 0.9 డిగ్రీ తక్కువ ఒరుగుద్ది.

రెండు, పళ్లకి ముందు రబ్బరు పట్టీ. పినియను పక్కన ఒక నున్నటి చక్రం పెట్టి, రబ్బరుకి రాసుకుని ముందే తిరగడం మొదలెడతాది. పళ్ల దగ్గరికి వచ్చేసరికి వేగం సమానం, దెబ్బ ఉండదు.

మూడు, పినియను ఎప్పుడూ ఒకే పన్ను స్థితిలో ఆగేలా స్ప్రింగు బాల్, గాడులు. చవక, కానీ దుమ్ము చేరితే గాడిలో బాల్ కూర్చోదు. కార్టన్ దుమ్ము ఎంత ఉంటాదో పార్శిల్ షెడ్డులో పనిచేసినోళ్లకి తెలుసు.

నాలుగు, కొన్ని పళ్లు తీసేసిన పినియను, తీసిన చోట లాకింగ్ ఆర్కు, మొదటి పన్ను బదులు ఒక పిన్ను. పాత కౌంటర్లలో చూస్తాం.

#19 సునాబెడ_మాడ్యూల్2
రెండోదానిలో ఒక తిరకాసు ఉంది. రబ్బరు జారుతుంది, ఎంత జారిందో ప్రతిసారి ఒకేలా ఉండదు. 120 మి.మీ. పట్టీలో 30 మి.మీ. అటూ ఇటూ అయిందనుకో, పినియను దగ్గర 86 డిగ్రీలు, ట్రే దగ్గర 4.3 డిగ్రీలు తేడా. వచ్చేటప్పుడు ఎదుటి రబ్బరు ఇంకోలా జారుతుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి ట్రే సమంగా లేకుండా లైనులోకి వస్తుంది, మీద పెట్టిన పార్శిల్ అక్కడే జారిపోతుంది.

దీనికి సమం దగ్గర గట్టి స్టాపు, వర్ము షాఫ్టులో జారే క్లచ్ కావాలి. స్టాపు తగిలాక మిగిలిన పళ్లు క్లచ్ మింగేస్తుంది. ఇప్పుడు చూడండి: రబ్బరు ఉంది కాబట్టి కోణం తప్పుతుంది, కోణం తప్పుతుంది కాబట్టి క్లచ్ కావాలి, క్లచ్ ఉంది కాబట్టి ర్యాక్ పళ్లు లెక్క కన్నా రెండు ఎక్కువ పెట్టొచ్చు, అప్పుడు ప్రతి ట్రే స్టాపు దాకా కచ్చితంగా చేరుతుంది. ఒకదాని లోపాన్ని ఇంకోటి వాడుకుంటోంది.

#20 క్లెయిమ్‌ల_కామయ్య
#19 ఆఖరి పేరా ఎవరైనా ప్రింటు తీసి గోడకి అంటించుకోండి. 3(ఎఫ్)కి జవాబు ఇలాగే ఉంటుంది. భాగాలు విడివిడిగా పనిచేయడం లేదు, ఒకదాని వల్ల ఇంకోటి కొత్తగా పనిచేస్తోంది అని చూపించాలి. (రబ్బరు-క్లచ్-స్టాపు కలయిక ఈ రోజుతో బయట పడింది, ఇక మీద ఎవరికీ పేటెంటు రాదు. సునాబెడ గారు దానం చేసేశారు.)

సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది మన రంగానికి ఎంత దగ్గరో చూడండి. ఇత్తడి, జర్మన్ సిల్వర్ గిన్నెలను లేత్ మీద తిప్పేటప్పుడు పట్టి ఉంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. కోర్టు దాన్ని రద్దు చేసింది. ఉన్న టెయిల్ స్టాకునే (లేత్‌లో పనిని రెండో కొస దగ్గర పట్టే భాగం) కాస్త మార్చారు, అది వర్క్‌షాపు మెరుగుదల, ఆవిష్కరణ కాదు అంది. ఇప్పటికీ మెకానికల్ దరఖాస్తుల్లో ఆ తీర్పు ప్రస్తావన వస్తూనే ఉంటుంది. అమెరికాలో 2007 నాటి కేఎస్ఆర్ కేసు కూడా ఇలాంటిదే: సర్దుకునే పెడలు పాతది, ఎలక్ట్రానిక్ సెన్సరు పాతది, రెండూ కలిపితే అనుకున్న ఫలితమే వచ్చింది, అది కనిపిస్తున్న దారే అన్నారు.

కాబట్టి రాయగడ ఫిట్టరు లాంటి మనిషిని ఊహించుకో. అతనికి సమస్య చెబితే #18లో నాలుగు దారులు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నీ ఉపాయం ఆ నాలుగింట్లో ఉంటే కష్టం. ఉండకపోతే, పైగా ఆ నాలుగింటి ఇబ్బందులు దానికి లేకపోతే, అప్పుడు కూర్చుని మాట్లాడొచ్చు.

#21 బరంపురం_బెవెల్
నాలుగింట్లో లేదు. అంతకన్నా చెప్పను.

#22 రాయగడ_ఫిట్టర్
నాకు నిద్ర పట్టదు ఈ రాత్రి.

#23 సిరోంచ_సర్వో
అసలు గేర్లెందుకు? ఒక్కో ట్రేకు చిన్న సర్వో మోటరు పెడితే అయిపాయె. కోణం, వేగం, అన్నీ ప్రోగ్రాంల ఉంటయి. లేకుంటే క్రాస్ బెల్టు (ట్రే బదులు అడ్డంగ తిరిగే చిన్న బెల్టు) పెట్టుండ్రి. పెద్ద హబ్బులల్ల ఇప్పుడు అదే కదా.

#24 బరంపురం_బెవెల్
24 ట్రేలకి 24 మోటర్లు, 24 డ్రైవులు, కదిలే ట్రేకి కరెంటు అందించడానికి బస్‌బారు, కలెక్టరు బ్రష్షులు. మాకు ట్రే మీద ఒక్క తీగ కూడా లేదు. 12 చోట్ల సిలిండర్లు, అంతే. గంటకి కొన్ని వందల పార్శిళ్లు వచ్చే షెడ్డుకి క్రాస్ బెల్టు ఎవరు కొంటారు?

#25 క్లెయిమ్‌ల_కామయ్య
ఇదే "ఆర్థిక ప్రాముఖ్యం". స్పెసిఫికేషనులో (దరఖాస్తుతో ఇచ్చే వివరణ పత్రంలో) రాయి: ట్రే మీద విద్యుత్తు లేకుండా, కదులుతున్నప్పుడే, రెండు వైపులకీ, కచ్చితమైన కోణంలో. కానీ చవక అన్న ఒక్క మాటతో పేటెంటు రాదు.

#26 సునాబెడ_మాడ్యూల్2
వర్ము దానంతటదే లాక్ అవుతుందని (చక్రం వైపు నుంచి తోస్తే తిరగదని) స్పెసిఫికేషనులో రాసేటప్పుడు జాగ్రత్త. సింగిల్ స్టార్టు, వ్యాస గుణకం (వర్ము వ్యాసాన్ని మాడ్యూల్‌తో భాగిస్తే వచ్చేది) 10 అయితే లీడ్ కోణం (మర వాలు) 5.7 డిగ్రీలు. అది అంచు మీద ఉంది. ఆయిల్ పడి, చైన్ కంపనం తోడైతే లోడు మీద మెల్లగా పాకుతుంది. 5 కిలోల పార్శిల్ 150 మి.మీ. పక్కకి ఉంటే 7.4 న్యూటన్ మీటర్ల టార్కు చక్రం మీద ఉన్నట్టే. లాక్ కచ్చితంగా కావాలంటే లీడ్ కోణం ఇంకా తగ్గించు. సామర్థ్యం సగానికి దిగువకి పోతుంది, ఇక్కడ దానితో పనిలేదు. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ) కూడా చూడు: వర్ము చక్రం దగ్గర 0.15 మి.మీ. అంటే ట్రే అంచు దగ్గర 1.7 మి.మీ. ఊగిసలాట. పరవాలేదు గానీ అరుగుదల తర్వాత రెట్టింపు అవుతుంది.

ఇంకోటి, 35 డిగ్రీలు ఎందుకో కూడా రాయి. అట్టపెట్టె ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే ట్రే మధ్య నుంచి అంచుకి 225 మి.మీ. జారడానికి 0.43 సెకను, ఆ లోపు ట్రే 35 సెం.మీ. ముందుకి పోతుంది. ప్లాస్టిక్ కవరు 0.6 అయితే 0.75 సెకను, 60 సెం.మీ. అంటే చ్యూట్ (పార్శిల్ జారి పడే దారి) నోరు కనీసం ఆ 25 సెం.మీ. తేడాని మింగాలి. లేకపోతే 532 పార్శిల్ 761 బుట్టలో పడుతుంది.

#27 ఇచ్ఛాపురం_అంచున
మాకు మెషిను లేకుండానే అలా పడుతున్నాయి.

#28 బల్లార్షా_బేరింగ్
సెర్చ్ చేసినవా? ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్, పేటెంట్‌స్కోప్, మనది ఇన్‌పాస్. అన్నీ పుక్కటే. వట్టి మాటలతోని వెతికితే సగం దొరకయి, వర్గీకరణ సంఖ్యతోని వెతుకు. కన్వేయరు మీద లింకులు, ప్లాట్‌ఫాంలు ఒరిగేటియి బి65జి 47/96. ట్రేల కన్వేయర్లు బి65జి 17 కింద. పోస్టల్ సార్టింగు బి07సి 3. ర్యాక్ గేర్లు ఎఫ్16హెచ్ 19/04. రెండు సంఖ్యలు కలిపి వెతుకు, అప్పుడు లిస్టు చిన్నగయితది. చైనా కాగితాలు వదలకు, అండ్ల యుటిలిటీ మోడళ్లు మస్తుగుంటయి, మెషిన్ అనువాదంతోని బొమ్మలు చూస్తే చాలు, గేరు బొమ్మకు భాష అక్కర లేదు.

#29 జయపురం_జుగాడ్
యుటిలిటీ మోడల్ అంటే చిన్న పేటెంటు కదా, మనకీ అది ఉంటే బాగుణ్ణు.

#30 క్లెయిమ్‌ల_కామయ్య
మన చట్టంలో లేదు. చైనాలో, జర్మనీలో ఉంది. డిజైన్ రిజిస్ట్రేషను అంటారేమో, అదీ ఇక్కడ పనికిరాదు. 2000 డిజైన్ల చట్టం కంటికి కనిపించే ఆకారానికే, కేవలం యాంత్రిక పరికరం దాని కిందకి రాదు. ట్రే ఆకారం వింతగా ఉంటే 10 ఏళ్లు, ఇంకో 5 ఏళ్లు దొరుకుతుంది. దాని వల్ల నీ గేర్లకి రక్షణ రాదు.

#31 బరంపురం_బెవెల్
ఖర్చు ఎంత? 45 వేలు అన్నాడు కదా.

#32 క్లెయిమ్‌ల_కామయ్య
అది అతని ఫీజుతో కలిపి కావచ్చు, ఏమేం కలిశాయో రాతపూర్వకంగా అడుగు. ప్రభుత్వ ఫీజు వ్యక్తికి, స్టార్టప్‌కి, చిన్న సంస్థకి ఒకటే: ఆన్‌లైన్‌లో దరఖాస్తు 1,600, పరీక్ష అభ్యర్థన ఫారం 18కి 4,000. 30 పేజీలు దాటితే పేజీకి 160, 10 క్లెయిములు దాటితే ఒక్కోదానికి 320. చిన్న సంస్థ అయితే ఫారం 28, ఉద్యం సర్టిఫికెట్ జత చేయాలి. అది మరిచిపోతే 1,600 బదులు 8,000, 4,000 బదులు 20,000.

తొందరగా కావాలంటే ఫారం 18ఏ, 8,000, చిన్న సంస్థకి అర్హత ఉంది. దాంతో పాటు ముందస్తు ప్రచురణకి ఫారం 9, 2,500. అయితే నీకు ఇప్పుడే తొందర వద్దంటాను. మామూలుగా 18 నెలలకి ప్రచురణ అవుతుంది. ఆ లోపు మెషినులో మార్పులు చేస్తావు. ముందే ప్రచురించుకుంటే నీ పాత దరఖాస్తే నీ కొత్త మార్పులకి అడ్డు పడొచ్చు. ఫారం 18 మాత్రం ప్రాధాన్య తేదీ (మొదటి దరఖాస్తు తేదీ) నుంచి 31 నెలల్లో వేయాలి. ఇదివరకు 48 నెలలు, 2024లో తగ్గించారు. పాత బ్లాగులు చూసి 48 అనుకుంటే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

#33 ఇచ్ఛాపురం_అంచున
నాలాగ షెడ్డు బరంపురంలో, ఇల్లు ఇచ్ఛాపురంలో ఉన్నోళ్లు దరఖాస్తు చెన్నైలో వేయాలా, కలకత్తాలోనా?

#34 క్లెయిమ్‌ల_కామయ్య
ఒడిశా కలకత్తా ఆఫీసు కింద, ఆంధ్ర, తెలంగాణ చెన్నై కింద, మహారాష్ట్ర ముంబై కింద. దరఖాస్తుదారు నివాసం, వ్యాపార స్థలం, లేదా ఆవిష్కరణ పుట్టిన చోటు, వీటిలో ఒకదాన్ని బట్టి. మీకు రెండూ కుదురుతాయి, ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. ఆన్‌లైన్‌లో వేస్తారు కాబట్టి రైలు టికెట్టు తేడా ఏమీ లేదు. పత్రాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి, తెలుగు, ఒడియా కుదరవు.

#35 సిరోంచ_సర్వో
నదికి ఇటు దిక్కు ఉన్నోళ్లం ముంబై, అటు దిక్కు చెన్నై. మంచిగనే ఉంది.

#36 గుణుపురం_లెక్చరర్
ఉపాయం లేత్ కుర్రాడిది అన్నారు. ఆవిష్కర్త పేరు ఎవరిది పెడతారు?

#37 బరంపురం_బెవెల్
షెడ్డు మాదే, జీతం మాదే. మా పేరే కదా?

#38 క్లెయిమ్‌ల_కామయ్య
కాదు. ఆవిష్కర్తగా ఆ కుర్రాడి పేరు ఉండాలి. నువ్వు అతనితో కలిసి ఆలోచించి ఉంటే నీ పేరు కూడా. హక్కు షెడ్డుకి రావాలంటే అతను రాసి ఇవ్వాలి. జీతం ఇస్తున్నంత మాత్రాన హక్కు దానంతటదే బదిలీ కాదు మన చట్టంలో. దరఖాస్తు ఫారం 1లోనే సంతకం పెట్టించు, లేదా విడిగా అసైన్‌మెంట్ పత్రం జత చెయ్యి. అతనికి ఏం ఇస్తావో కూడా అందులో రాసుకో. తర్వాత మనసులు విరిగితే తప్పుడు మార్గంలో పొందారని వ్యతిరేకత దాఖలు చేయడానికి అతనికి దారి ఉంది.

#39 రాయగడ_ఫిట్టర్
కుర్రాడికి జై.

#40 జయపురం_జుగాడ్
ఇంత చేసి ఏటి లాభం? పక్క ఊరోడు నకలు కొట్టేస్తే కోర్టుకి తిరిగే ఓపిక ఎవడికి ఉంది? జిల్లా కోర్టులో వేస్తే వాడు పేటెంటే చెల్లదని ఎదురు దావా వేస్తాడు, అది హైకోర్టుకి పోద్ది. కటక్ తిరుగుతా కూర్చోవాలి. ఆ డబ్బుతో ఇంకో నాలుగు మెషిన్లు కట్టుకుని ముందు అమ్ముకోవడమే మేలు.

#41 బల్లార్షా_బేరింగ్
సగం ఖరే. కానీ గిది దాచుకునే మెషిన్ కాదు. అమ్మినంక కింద పండుకుని చూస్తే అయిపాయె, మొత్తం కనవడతది. రహస్యంగ ఉంచుకునే పనైతే నేను గూడ వద్దనే అందును. పెద్ద కంపెనీ కొననీకి వస్తే దరఖాస్తు నంబరు ఉన్నోనితోని మాట తీరు వేరే ఉంటది.

#42 సునాబెడ_మాడ్యూల్2
ఇంకో మాట. నీకు పేటెంటు రావడం వేరు, నీ మెషిను ఇంకొకరి పేటెంటుని మీరకపోవడం వేరు. బతికి ఉన్న పేటెంటు ఎవరిదైనా "కదిలే ట్రే కింద పినియను, లైను పక్క ర్యాక్" అని వెడల్పుగా ఉంటే, నీ ఎంట్రీ ఉపాయానికి పేటెంటు వచ్చినా అతని అనుమతి లేకుండా అమ్మలేవు. #28 వెతుకులాటలో భారత దేశంలో అమల్లో ఉన్నవి విడిగా ఏరుకో. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు దాటినవి వాడుకోవచ్చు. రెన్యూవల్ కట్టక పడిపోయినవీ చాలా ఉంటాయి, ఇన్‌పాస్‌లో స్థితి చూడు.

#43 బరంపురం_బెవెల్
క్లెయిము ఎలా రాస్తారో ఒక నమూనా చూపిస్తారా? మా రహస్యం లేకుండానే.

#44 క్లెయిమ్‌ల_కామయ్య
రాయకూడని రకం: "గేర్ల ద్వారా ఒరిగే ట్రే గల పార్శిల్ సార్టింగ్ యంత్రం." ఎగ్జామినరు దీన్ని ఐదు నిమిషాల్లో కొట్టేస్తాడు.

#19లో దానం చేసిన దాన్నే ఉదాహరణకి తీసుకుంటే: "అంతులేని కన్వేయరుపై కదిలే అనేక ట్రేలు (10), ఒక్కో ట్రే కింద పినియను (12), దాని ద్వారా ట్రేని ఒరిగించే వర్ము జత (14), కన్వేయరు పక్కన ముందుకీ వెనక్కీ జరిగే ర్యాక్ (20) గల యంత్రం. విశేషమేమంటే, ర్యాక్ పళ్లకి ముందు పినియనుని లైను వేగానికి తెచ్చే ఘర్షణ పట్టీ (22), వర్ము షాఫ్టులో జారే క్లచ్ (16), ట్రే స్థితిని నిర్ణయించే స్టాపు (18) ఉండి, పట్టీ వద్ద జారుడు వల్ల వచ్చే కోణ వ్యత్యాసాన్ని క్లచ్ స్టాపు వద్ద తొలగించేలా, స్టాపుకి చేరడానికి కావలసిన దాని కన్నా ర్యాక్ పళ్ల సంఖ్య ఎక్కువగా ఉండుట."

"విశేషమేమంటే" ముందున్నది పాతది అని నువ్వే ఒప్పుకున్నట్టు. తర్వాతిదే నీది. అక్కడ భాగాల పేర్లు ఒక్కటే కాదు, ఒకదానికొకటి ఏం చేస్తోందో ఉండాలి. పళ్ల సంఖ్య 41 అని అంకె పెట్టకు, పక్కవాడు 42 పెట్టి తప్పించుకుంటాడు. అంకెలు ఉప క్లెయిముల్లో పెట్టు.

#45 సునాబెడ_మాడ్యూల్2
పరీక్షల లెక్కలు దరఖాస్తు రోజే లోపల ఉండాలి. ర్యాంపు-లివరు ట్రే ఒకటి, మామూలు ర్యాక్ ఎంట్రీ ఒకటి, నీ ఎంట్రీ ఒకటి. మూడూ అదే వేగంలో, 1, 5, 10 కిలోలతో. కొలవాల్సినవి: ఒరిగిన కోణంలో తేడా, మొదటి పన్ను అరుగుదల, శబ్దం, పన్ను తప్పిన సార్లు. 0.8తో పాటు 1.2 మీటర్ల వేగంలోనూ. తేడా అక్కడే బయటపడుతుంది.

#46 రాయగడ_ఫిట్టర్
ర్యాక్ కూడా నైట్రైడింగ్ (పైపొర గట్టిపరచడం) చేసినదీ చేయనిదీ రెండూ పెట్టు. లేకపోతే "లోహం గట్టిదవడం వల్ల అరగలేదు, ఉపాయం వల్ల కాదు" అంటారు.

#47 సిరోంచ_సర్వో
ఇంకో ముచ్చట. దరఖాస్తు పెట్టంగనే మెషిన్ మీద "పేటెంటెడ్" అని స్టిక్కర్ కొడతరు కొందరు. గ్రాంటు రాకుండ గట్ల రాస్తే సెక్షన్ 120 కింద 10 లక్షల దాక జరిమానా ఉంది. "పేటెంటు దరఖాస్తు పెండింగ్" అని రాసుకోవచ్చు.

#48 బరంపురం_బెవెల్
కొరియర్ వాళ్లు వచ్చేది 20 రోజుల్లో. ఆ లోపు పరీక్షలన్నీ అవవు. ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేసేస్తే సరిపోతుందా?

#49 క్లెయిమ్‌ల_కామయ్య
వెయ్యి. కానీ ఒక పేజీ ప్రొవిజనల్ వేస్తే వేయనట్టే. అందులో వివరించిన దానికే ఆ తేదీ వర్తిస్తుంది. తర్వాత 12 నెలల్లో వేసే పూర్తి స్పెసిఫికేషనులో కొత్తగా చేర్చిన దానికి కొత్త తేదీయే, అప్పటికి కొరియర్ వాళ్లు చూసేసి ఉంటారు. ప్రొవిజనల్‌లో క్లెయిములు అక్కర్లేదు, బొమ్మలు మాత్రం అన్నీ పెట్టు: ట్రే కింది వైపు, ఎంట్రీ ముందు, ఎంట్రీ మధ్యలో, పూర్తిగా ఒరిగాక, తిరిగి సమం అయ్యేటప్పుడు. ఉపాయాన్ని వేరే రకాలుగా చేయగలిగితే ఆ రకాలు కూడా రెండు మూడు వాక్యాల చొప్పున. విదేశాల్లో వేసే ఆలోచన ఉంటే ఇక్కడ వేసిన ఆరు వారాల తర్వాతే, లేదా ఫారం 25తో ముందే అనుమతి తీసుకుని. పీసీటీకి (అంతర్జాతీయ దరఖాస్తుకి) కూడా అదే 12 నెలల గడువు.

#50 బరంపురం_బెవెల్
బొమ్మలు సాలిడ్ మోడల్ స్క్రీన్‌షాట్లు పెట్టొచ్చా?

#51 క్లెయిమ్‌ల_కామయ్య
రంగులు, షేడింగ్ తీసేసి గీతల బొమ్మగా మార్చి, ఏ4 మీద, ప్రతి భాగానికీ అంకె వేసి. కొలతలు రాయకు. ప్రతి షీటు కింద కుడి మూల సంతకం.

#52 రాయగడ_ఫిట్టర్
దరఖాస్తు నంబరు వచ్చాక ఆ ఉపాయం ఏటో చెప్తావా?

#53 బరంపురం_బెవెల్
ప్రచురణ అయ్యాక ఇన్‌పాస్‌లో చూసుకో అన్నా. 18 నెలలే కదా.